కథాస్థలంగా చిన్న పట్టణం: సూపర్‌హీరో కామిక్స్ తెలుగు అనుసృజనలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

వ్యాససంగ్రహం

సూపర్‌హీరో కామిక్స్‌ను ఒక సంస్కృతి నుంచి మరొక సంస్కృతిలోకి తెచ్చే సందర్భంలో పాత్రల పేర్లు, వేషధారణ, శక్తికి మూలం అనే అంశాల మీద జరిగినంత ఆలోచన కథాస్థలం మీద జరగలేదు. నగరాన్ని నాయకుని వెనుక వేలాడే తెరగా భావించడం ఇందుకు కారణం. నిజానికి ఈ ప్రక్రియలో నాయకుని కదలిక, అతని రహస్యం, అతని ప్రతినాయకుడు మూడూ నగరం నుంచే పుడతాయి. ఈ వ్యాసం గోథమ్, మెట్రోపాలిస్ వంటి కాల్పనిక నగరాల నిర్మాణాన్ని, భారతదేశంలో జరిగిన స్థలాంతరీకరణలను పరిశీలించి, ఉమ్మడి నల్లగొండ ప్రాంతంలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలను కథాస్థలాలుగా ఎంచుకొంటే ఈ ప్రక్రియలో ఏమి మారవలసి వస్తుందో వివరిస్తుంది.

కీలకపదాలు: సూపర్‌హీరో, కామిక్స్, అనుసృజన, కథాస్థలం, దేశౌచిత్యం, రహస్యనామం, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ.

1. ప్రవేశిక

తెలుగు ప్రబంధం నాయకుని కంటే ముందు నగరాన్ని పరిచయం చేస్తుంది. దండి చెప్పిన మహాకావ్య వర్ణనల జాబితాలో మొదటిది నగరమే. క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఔచిత్యభేదాలను లెక్కించినప్పుడు దేశానికి ప్రత్యేకస్థానం కల్పించాడు. ఆలంకారికులకు స్థలం అలంకారం కాదు, పాత్ర ప్రవర్తనను నమ్మదగినదిగా చేసే ఆధారం.

మనుచరిత్ర ఈ విషయంలో మంచి ఉదాహరణ. వరణాతీరంలోని అరుణాస్పదపురాన్ని విడిచి ఎన్నడూ బయటికి వెళ్లని ప్రవరునికి సిద్ధుడు పాదలేపం ఇస్తాడు. క్షణంలో హిమాలయం చేరగల శక్తి అది. అయితే ఆ శక్తి ఏ చోటికి తీసుకొని వెళ్లిందో ఆ చోటి మంచులోనే కరిగిపోయింది. ఇల్లు ఒక చోట, శక్తి నశించేది మరొక చోట. ఈ రెండింటి మధ్య దూరమే కథ. సూపర్‌హీరో ప్రక్రియ పాశ్చాత్యమైనదే కావచ్చు. కానీ శక్తికీ స్థలానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించడానికి తెలుగు పాఠకుడు న్యూయార్క్ దాకా వెళ్లనవసరం లేదు.

లిండా హచియన్ 2006లో ప్రచురించిన అనుసరణ సిద్ధాంత గ్రంథంలో కథలు సంస్కృతుల మధ్య ప్రయాణించినప్పుడు స్థానికీకరణ పొందుతాయని వివరించింది. ఆ స్థానికీకరణ ఎంత లోతుకు పోవాలి? ఊరి పేరు మారిస్తే చాలునా, లేక ఊరు మారినందువల్ల కథానియమాలు కూడా మారాలా? ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న ఇది.

2. పేరు పెట్టిన నగరాలు, పేరు మార్చిన దేశాలు

సూపర్‌మ్యాన్ 1938లో వెలువడినప్పుడు అతని నగరానికి స్థిరమైన పేరు లేదు. మెట్రోపాలిస్ అన్న పేరు 1939లో వచ్చింది. చిత్రకారుడు జో షుస్టర్ తన బాల్యంలో చూసిన టొరంటో నగరాన్ని మనసులో ఉంచుకొని భవనాలు గీశాడు. క్లార్క్ కెంట్ పనిచేసే పత్రికకు మొదట పెట్టిన డైలీ స్టార్ అన్న పేరు కూడా ఆ నగరపు పత్రిక నుంచి వచ్చిందే. అంటే ప్రపంచంలో ఏ నగరమైనా కాగల నగరం కూడా ఒకానొక నగరపు జ్ఞాపకంతోనే మొదలైంది.

బ్యాట్‌మ్యాన్ నగరానికి గోథమ్ అన్న పేరు 1940 ప్రాంతంలో స్థిరపడింది. ఆ పేరు కొత్తది కాదు. వాషింగ్టన్ ఇర్వింగ్ 1807లోనే న్యూయార్క్‌ను హేళనగా గోథమ్ అన్నాడు. ఇంగ్లండులో అమాయకుల కథలకు పేరుపడిన ఒక పల్లె పేరు అది. మన పరమానందయ్య శిష్యుల వంటి వారు నివసించే ఊరి పేరును మహానగరానికి తగిలించడంలోని వెక్కిరింత కాలక్రమంలో మరుగున పడి, భయం మిగిలింది. రచయిత బిల్ ఫింగర్ న్యూయార్క్ అని నేరుగా చెప్పకపోవడానికి కారణం, ఏ నగరపు పాఠకుడైనా దాన్ని తన నగరంగా భావించాలన్న కోరిక. మరొక ప్రయోజనం కూడా నెరవేరింది: ఎంత అవినీతి, ఎంత నేరం చూపినా ఏ పురపాలక సంఘమూ అభ్యంతరం చెప్పలేదు.

మార్వెల్ సంస్థ ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. 1961 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచికలో సెంట్రల్ సిటీ అన్న కల్పిత నగరం ఉన్నా, అనతికాలంలోనే కథ న్యూయార్క్‌కు మారింది. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ క్వీన్స్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో నివసించే కుర్రవాడు. మాన్‌హాటన్ ఆకాశహర్మ్యాలు లేకపోతే అతని సాలెదారానికి పని లేదు. ఇంతకంటే ఈ వ్యాసానికి దగ్గరైనది 2014లో ప్రారంభమైన కమలా ఖాన్ కథ. పాకిస్తానీ మూలాలున్న ఆ బాలిక ఊరు జెర్సీ సిటీ. నదికి అవతల మహానగరం కనిపిస్తూ ఉంటుంది. పేరున్న వీరులందరూ అక్కడే ఉంటారు. ఇవతలి ఊరిని ఎవరూ కాపాడరు కనుక ఆమె కాపాడుతుంది. పెద్ద నగరం నీడలో ఉన్న చిన్న ఊరు సూపర్‌హీరో కథకు సరిపోతుందా అన్న సందేహానికి ఆ ప్రక్రియ పుట్టిన దేశంలోనే సమాధానం దొరికిందన్నమాట.

భారతదేశానికి వస్తే, పేరు మార్పు విషయంలో ఫాంటమ్ కథలు ఆసక్తికరమైన సాక్ష్యం. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఈ ముసుగువీరుని అడవి బెంగాల్‌ను తలపించే పేరు గల దేశంలో ఉంటుంది. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ ఆ కథలను ఇక్కడ ముద్రించినప్పుడు ఆ పేరును డెంకాలిగా మార్చింది. రామ అన్న దుర్మార్గుని పేరును రామలుగా సవరించింది. దూరాన ఉన్న పాఠకునికి విచిత్రంగా తోచే పేరు, దగ్గర ఉన్న పాఠకునికి నొప్పి కలిగిస్తుంది. కథాస్థలం ఎంచుకొనేవారు ఈ చిన్న సవరణను మరచిపోకూడదు. దూరం తగ్గే కొద్దీ పేరు బరువెక్కుతుంది.

పూర్తిస్థాయి స్థలాంతరీకరణకు ఉదాహరణ 2004లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ ఇండియా. శరద్ దేవరాజన్, సురేష్ సీతారామన్, జీవన్ కాంగ్ రూపొందించిన ఆ నాలుగు సంచికల కథలో పీటర్ పార్కర్ పవిత్ర్ ప్రభాకర్ అయ్యాడు. మే అత్త మాయ అయింది, బెన్ భీమ్ అయ్యాడు. పల్లె నుంచి ముంబయికి చదువుకోసం వచ్చిన ఆ కుర్రవానికి శక్తి సాలీడు కాటువల్ల కాక ఒక యోగి అనుగ్రహం వల్ల వస్తుంది. ఇక్కడ ఒక లోపం కనిపిస్తుంది. పేర్లు మారాయి, శక్తిమూలం మారింది, ధోవతి వచ్చింది. నగరం చేసే పని మాత్రం మారలేదు. ముంబయి ఇక్కడ మాన్‌హాటన్‌కు బదులుగా నిలిచిన ఎత్తైన భవనాల వరుస. 2023 నాటి యానిమేషన్ చిత్రం ఆ రెండు పేర్లనూ కలిపి ముంబాటన్ అని పిలిచి ఈ సంగతిని దాచకుండా ఒప్పుకొంది.

3. తెలుగు తెర ఎంచుకొన్న ఊళ్లు

తెలుగులో ఈ ప్రక్రియ పత్రికల కంటే తెర మీదనే ఎక్కువ కనిపిస్తుంది. 1980లో ఎన్.టి. రామారావు నటించిన సూపర్ మేన్ ఆ పేరును అరువు తెచ్చుకొని, శక్తిని ఆంజనేయుని నుంచి తీసుకొంది. 2024 సంక్రాంతికి విడుదలైన హనుమాన్ చిత్రంలో ప్రశాంత్ వర్మ అంజనాద్రి అన్న కల్పిత గ్రామాన్ని నిర్మించాడు. అదే సంవత్సరం వచ్చిన కల్కి 2898 ఏడీ కాశీని భవిష్యత్తులో మిగిలిన నగరంగా చూపింది. ఒకటి పేరులోనే స్థలపురాణం ఇమిడిన ఊరు, మరొకటి పురాణప్రసిద్ధమైన క్షేత్రం. దేవతతో ముడిపడని ఒక మామూలు బస్టాండు ఊరు ఈ జాబితాలో లేదు.

అంజనాద్రి ఎంపికలో బలమూ ఉంది, తప్పించుకోవడమూ ఉంది. ఊరిని పీడించే స్థానిక బలవంతుడు కథ మొదటి భాగంలో కనిపిస్తాడు. ఊరి జనం అతనికి లొంగి ఉండడం నమ్మదగినదిగా ఉంది. కానీ ఆధునిక యంత్రాలతో బయటి నుంచి మైకేల్ రాగానే ఊరి లోపలి పీడన ప్రశ్న పక్కకు తొలగిపోతుంది. ఊరు ఒక్కటవుతుంది, చెడు బయటిదవుతుంది. 2021లో వచ్చిన మలయాళ చిత్రం మిన్నల్ మురళి ఈ సౌకర్యాన్ని నిరాకరించింది. కురుక్కన్‌మూల అన్న ఆ కల్పిత పల్లెలో ఒకే పిడుగు ఇద్దరి మీద పడుతుంది. ఒకడు దర్జీ, మరొకడు ఊరు మొత్తం వెలివేసినట్టు చూసే షిబు. ప్రతినాయకుణ్ణి తయారు చేసింది ఊరే. చిన్న ఊరిని కథాస్థలంగా వాడిన ఇటీవలి భారతీయ చిత్రాల్లో దీని ఆలోచనే ఎక్కువ దూరం పోయిందని చెప్పవలసి ఉంటుంది.

4. సూర్యాపేట: ముసుగు ఎవరి ముందు?

హైదరాబాదు, విజయవాడలను కలిపే 65వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్ల దూరంలో సూర్యాపేట ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా లక్ష చుట్టూ ఉంది. రైలుస్టేషన్ లేదు. సమీపంలో రేచర్ల రెడ్డి సామంతులు కాకతీయుల కాలంలో కట్టించిన పిల్లలమర్రి ఆలయాలు, రెండేళ్లకొకసారి గొల్లగట్టు జాతర జరిగే దురాజ్‌పల్లి ఉన్నాయి.

సూపర్‌హీరో కథకు ఈ ఊరు పెట్టే మొదటి పరీక్ష రహస్యం విషయంలో. క్లార్క్ కెంట్ కళ్లద్దాలు పెట్టుకొంటే సూపర్‌మ్యాన్ అని ఎవరూ గుర్తుపట్టకపోవడాన్ని పాఠకులు దశాబ్దాలుగా హాస్యమాడుతున్నారు. కానీ మహానగరం విషయంలో అది పూర్తిగా అసంబద్ధం కాదు. గియోర్గ్ జిమ్మెల్ 1903 నాటి వ్యాసంలో చెప్పినట్టు, మహానగరవాసి తనను తాను కాపాడుకోవడానికే ఎదుటివాణ్ణి పట్టించుకోకుండా ఉండడం అలవాటు చేసుకొంటాడు. ఎవరూ ఎవరినీ పరిశీలించి చూడని చోట కళ్లద్దాలు చాలు.

సూర్యాపేటలో చాలవు. పరిచయం లేని యువకుడు కనిపించగానే ఏ ఊరు, ఎవరి పిల్లవు అని అడిగే సమాజం అది. ఇంటిపేరు, కులం, మేనమామ ఊరు రెండు మూడు ప్రశ్నల్లో తేలిపోతాయి. ముసుగు ముఖాన్ని దాచగలదు. నడకను, గొంతును, యాసను దాచలేదు. అసలు ఆ దుస్తులు ఎక్కడ కుట్టించాడన్నది పెద్ద చిక్కు. దర్జీకి తెలిస్తే వీధికి తెలిసినట్టే. మిన్నల్ మురళి నాయకుణ్ణే దర్జీగా చేయడం వల్ల, కావాలని చేసినా చేయకపోయినా, ఈ చిక్కు విడిపోయింది. పత్రికా విలేకరి వృత్తి కూడా ఇక్కడ మరుగునివ్వదు. మెట్రోపాలిస్ పత్రికా కార్యాలయంలో క్లార్క్ కెంట్ వందమందిలో ఒకడు. మండల విలేకరి మాత్రం ఠాణా నుంచి తహసీలు కార్యాలయం దాకా ప్రతి గుమాస్తాకూ పేరు పెట్టి తెలిసిన మనిషి.

అయితే రహస్యనామం అన్న భావన ఈ నేలకు కొత్తదా? ఇక్కడ చరిత్ర ఆశ్చర్యకరమైన సమాధానం ఇస్తుంది. 1946–51 మధ్య సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా ప్రధాన కేంద్రాల్లో ఒకటి. నేటి సూర్యాపేట జిల్లాలోని కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం అజ్ఞాతంలో రాజక్క అన్న పేరుతో పనిచేసింది. ఆమెను పట్టి ఇచ్చినవారికి పదివేల రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ కాలంలో పదివేలు ఒక కుటుంబం తలరాతను మార్చగల మొత్తం. మారుపేరు, మారువేషం, రాత్రి ప్రయాణం, తలమీద వెల: సూపర్‌హీరో కథలోని సామగ్రి అంతా ఇక్కడ ఉంది. తేడా ఒక్కటే. గోథమ్‌లో రహస్యం ప్రజలకు తెలియదు. ఇక్కడ రహస్యం ప్రజలకు తెలుసు, పాలకులకు తెలియదు. డెన్‌కు అన్నం పంపిన ఇల్లాలికి, దారి చూపిన పశువుల కాపరికి తెలుసు. దాన్ని కాపాడింది ముసుగు కాదు, ఊరి మౌనం.

సూర్యాపేటను కథాస్థలంగా తీసుకొనే అనుసృజనకు ఇది పనికివచ్చే అంశం మాత్రమే కాదు, నియమాన్నే మార్చే అంశం. నాయకుడు ఎవరు అన్నది ఇక ఉత్కంఠ కాదు. అది అందరికీ తెలుసు. ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు, ఎందుకు చెబుతారు అన్నదే ఉత్కంఠ. అప్పు తీర్చలేని పక్కింటివాడు, కొడుకు ఉద్యోగం కోసం తిరుగుతున్న తండ్రి, చిన్ననాటి స్పర్ధ మరువని స్నేహితుడు: వీరిలో ప్రతి ఒక్కరి మౌనానికీ ఒక వెల ఉంటుంది. ఆ వెల పెరుగుతూ పోవడమే కథ.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పోరాట చరిత్ర సంఘాల చరిత్ర. నిర్ణయాలు కలిసి తీసుకొన్నవి, ప్రాణాలు అనేకులవి. సూపర్‌హీరో ప్రక్రియ ఒక్కని భుజాల మీద నిలుస్తుంది. తాత గెరిల్లా దళంలో ఉన్నాడు కనుక మనుమనికి వీరత్వం వారసత్వంగా వచ్చిందని చూపే కథ ఆ చరిత్రను వంశవృక్షంగా కుదిస్తుంది. ఊరి మౌనాన్ని అరువు తెచ్చుకోవడం న్యాయం. ఊరిని ఒక్క మనిషిలోకి మింగేయడం న్యాయం కాదు.

రెండవ పరీక్ష కదలిక. ఆకాశహర్మ్యాలు లేని ఊరిలో సాలెదారం పట్టుకొని ఊగే నాయకునికి చోటు లేదు. గోథమ్, మాన్‌హాటన్ నిలువు నగరాలు. సూర్యాపేట అడ్డంగా పరచుకొన్న ఊరు. దాని వెన్నెముక రహదారి. పగలూ రాత్రీ బస్సులు, లారీలు ఆగి సాగుతుంటాయి. హైదరాబాదు నుంచి కోస్తాకు వెళ్లే లక్షలాది ప్రయాణికులు ఈ ఊరిలో టీ తాగారు, ఊరిని మాత్రం చూడలేదు. కనుక ఈ పట్టణంలో అజ్ఞాతత్వం పూర్తిగా లేదని చెప్పడం పొరపాటు. అది రహదారి అంచున, ప్రయాణికులకు మాత్రమే ఉంది. బయటివాడు ఎవరో ఎవరికీ తెలియదు; ఊరివాడు ఎవరో అందరికీ తెలుసు. గోథమ్‌లో చీకటి నాయకునికి రక్షణ. సూర్యాపేటలో ఆ రక్షణ ప్రతినాయకునికే దొరుకుతుంది. సంప్రదాయానికి ఇది పూర్తి విలోమం.

5. కోదాడ: అధికారం ముగిసే గీత

కోదాడకు ఉన్న ప్రత్యేకత సరిహద్దు. 2014 జూన్ 2 తరువాత రహదారి మీద తెలంగాణ ఇక్కడ ముగుస్తుంది. కొద్ది దూరంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన జగ్గయ్యపేట ప్రాంతం మొదలవుతుంది. గీత కొత్తది కాదు. కోదాడకు ఆనుకొని ఉన్న మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ఉంటూనే మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందింది. నాయని వెంకట రంగారావు ఆ సంస్థానాధిపతి, కొమర్రాజు లక్ష్మణరావు అక్కడ దివాను. చుట్టూ ఒక ప్రభుత్వం, మధ్యలో మరొక ప్రభుత్వం. ఒక పొలం గట్టు దాటితే పోలీసు మారేవాడు, చట్టం మారేది.

బ్యాట్‌మ్యాన్, పోలీసు కమిషనర్ గోర్డన్ మధ్య ఉన్న ఒప్పందం ఒకే నగరంలో చెల్లుతుంది. చట్టానికి వెలుపల ఉన్న నాయకుడు చట్టానికి సహాయం చేయడమే ఆ ప్రక్రియలోని నైతిక చిక్కు. కోదాడలో ఆ చిక్కు రెట్టింపవుతుంది. ఎవరి చట్టానికి వెలుపల? 2021 మే నెలలో కోవిడ్ రెండవ విడత ఉధృతంగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపారు. కోదాడ సమీపంలోని రామాపురం క్రాస్ రోడ్డు అందులో ఒకటి. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకొని ఆ ఆంక్షలను నిలిపివేసింది. ఆ రాత్రులలో ఒక సూపర్‌హీరో అక్కడ ఉంటే ఏమి చేయాలి? అంబులెన్సును ఎత్తి అవతల పెట్టడం అతనికి చిటికెలో పని. కానీ ఎదురుగా నిలిచిన కానిస్టేబుల్ దుర్మార్గుడు కాడు. ఆదేశం పాటిస్తున్న ఉద్యోగి. రోగి తప్పు లేదు. పడకలు చాలని ఆసుపత్రి కూడా అబద్ధం కాదు. దెబ్బ తగలవలసిన ముఖం ఎక్కడా కనిపించదు. ఈ ప్రక్రియకు ఇంతకంటే కఠినమైన సన్నివేశాన్ని కల్పించడం కష్టం.

యాస విషయంలో కూడా కోదాడ గీత మీదనే ఉంది. నల్లగొండ మాట, కృష్ణా మాట ఒకే కుటుంబంలో వినిపిస్తాయి. సంభాషణలను బుడగలలో రాసే కామిక్స్‌కు ఇది కష్టమూ వరమూ. ఎవరు ఎటువైపు వారో బొమ్మ చెప్పనవసరం లేదు, క్రియాపదం చెబుతుంది.

6. మిర్యాలగూడ: ప్రతినాయకుడు ఎవరు?

దృశ్యపరంగా మూడింటిలో గోథమ్‌కు దగ్గరైనది మిర్యాలగూడ. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాత, లాల్‌బహదూర్ కాలువగా పేరున్న ఎడమకాలువ ఈ ప్రాంతాన్ని వరిపొలంగా మార్చింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. ఉప్పుడు బియ్యపు మిల్లుల కేంద్రంగా ఈ పట్టణానికి దేశంలో పేరుంది. ఎత్తైన గొట్టాలు, ధాన్యాన్ని పైకి చేర్చే ఎలివేటర్లు, ఊకతో మండే బాయిలర్లు, గాలిలో తేలే నల్లని బూడిద, రాత్రంతా ఆగని మోత. కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. సమీపంలోని దామరచర్ల మండలంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలుస్తుంది. సికింద్రాబాదు, గుంటూరుల మధ్య రైలుమార్గం పట్టణం గుండా పోతుంది. చిత్రకారునికి కావలసిన ఎత్తు, నీడ, పొగ, లోహం అన్నీ ఇక్కడ ఉన్నాయి. నాయకుడు ఎక్కి నిలిచి ఊరిని చూడగల చోటు ఉన్నది ఈ ఊరిలోనే.

కానీ పైనుంచి చూస్తే అతనికి కనిపించే నేరం ఏది? బ్యాంకు దోపిడీ కాదు. ధాన్యం తూకంలో తరుగు పేరుతో బస్తాకు కొంత తగ్గించడం తెలంగాణ రైతు తరచుగా చెప్పే ఫిర్యాదు. తేమశాతం, తాలు, రవాణా, గోదాము: ప్రతి దశలోనూ ఒక కారణం ఉంటుంది, ప్రతి కారణానికీ ఒక కాగితం ఉంటుంది. పిడికిలితో కొట్టి తూకాన్ని సరిచేయడం సాధ్యం కాదు. ఒక మిల్లు యజమానిని రాక్షసునిగా గీసి ముగించే కథ పాఠకునికి తృప్తినిస్తుంది, రైతుకు తెలిసిన సత్యాన్ని మాత్రం చెప్పదు.

దీనికంటే బరువైన విషయం మరొకటి ఉంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు జరిగిన కులదురహంకార హత్య దేశమంతటా వార్త అయింది. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం నిందితులకు శిక్షలు విధించింది. మధ్యలో ఆ ఉదంతం ఆధారంగా ఒక చలనచిత్రం ప్రకటించగానే బాధిత కుటుంబం కోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. బయటి పాఠకులలో చాలామందికి ఆ ఊరి పేరు ఆ ఒక్క ఘటనతోనే తెలుసు. కనుక మిర్యాలగూడ అని పేరు పెట్టి నేరాన్ని చూపే ఏ కథయినా, కోరుకొన్నా కోరుకోకపోయినా, ఆ గాయాన్ని తాకుతుంది.

ఆ గాయం ఈ ప్రక్రియ హద్దును కూడా చూపుతుంది. గోథమ్ నేరం చీకటి సందులో అపరిచితుడు చేసేది. బ్రూస్ వేన్ తల్లిదండ్రులు చనిపోయింది అలాంటి చేతిలోనే. పరువు హత్యలో అపరిచితుడు కూలికి వచ్చిన చెయ్యి మాత్రమే. దాని మూలం ఇంటి లోపల, పెళ్లిసంబంధాలు మాట్లాడే హాలులో, నలుగురు ఏమనుకొంటారన్న మాటలో ఉంటుంది. సూర్యాపేటలో రహస్యాన్ని కాపాడిన ఊరి మౌనం లాంటిదే ఇక్కడ హింసనూ కాపాడగలదు. ఒకే లక్షణానికి ఈ రెండు ముఖాలున్నాయని గుర్తించని అనుసృజన చిన్న పట్టణాన్ని అమాయకంగా కీర్తించడమో, అమాయకంగా నిందించడమో చేస్తుంది. మిన్నల్ మురళి దర్శకుడు షిబును ఊరిలో నుంచే పుట్టించినట్టు, మిర్యాలగూడ ప్రతినాయకుడు గౌరవనీయుడై, జాతరకు చందా ఇచ్చేవాడై, నాయకుణ్ణి బాబూ అని పిలిచేవాడై ఉండాలి. అతణ్ణి ఓడించాక నాయకుడు అదే వీధిలో ఉండవలసి రావాలి.

7. భానుపురి అన్న పేరు

పేరు విషయంలో మూడు మార్గాలున్నాయి: అసలు పేరు, పూర్తిగా కల్పిత నామం, అసలు ఊరికే ఉన్న మరొక పేరు. మొదటి మార్గంలో ఉన్న ప్రమాదాన్ని మిర్యాలగూడ చూపుతుంది. రెండవ మార్గంలో ఊరు గాలిలో తేలుతుంది. యాస, కాలువ, తరుగు, సరిహద్దు అన్నీ జారిపోతాయి. మూడవది గోథమ్ మార్గం. న్యూయార్క్ మారుపేరును తీసుకొన్నందువల్ల బిల్ ఫింగర్‌కు న్యూయార్క్ అంతా దక్కింది, దాని అభ్యంతరాలు దక్కలేదు.

సూర్యాపేటకు అలాంటి పేరు సిద్ధంగా ఉంది. పట్టణ పూర్వనామంగా భానుపురి అన్నది స్థానికులకు సుపరిచితం. భానుడన్నా సూర్యుడన్నా అర్థం ఒకటే. గోథమ్ వెక్కిరింతగా మొదలై భయంగా మారింది. భానుపురి సంస్కృతీకరణ వల్ల కాస్త గాంభీర్యం తెచ్చుకొన్న పేరు. రాత్రి నగరానికి ఎదురుగా ఎండ నగరం. హనుమాన్ చిత్రంలో మణికి సూర్యకాంతి సోకినప్పుడే శక్తి రావడాన్ని బట్టి చూస్తే, పగలు పనిచేసే నాయకుడు తెలుగు ప్రేక్షకునికి అపరిచితుడు కాడు. ఈ భానుపురిలో కోదాడ సరిహద్దును, మిర్యాలగూడ మిల్లుల వరుసను కలిపి ఒకే పట్టణంగా గీయడానికి అభ్యంతరం ఉండనవసరం లేదు. షుస్టర్ కూడా జ్ఞాపకంలోని టొరంటోను అమెరికా నగరంగా గీశాడు. నిజమైన దూరాలు కామిక్స్ పుటకు లోబడతాయి. నిజమైన సంబంధాలు లోబడవు. కాలువ కింద ఎవరి పొలం ఉంది, మిల్లులో ఎవరు బస్తా మోస్తారు, చెక్‌పోస్టు దగ్గర ఎవరిని ఆపుతారు అన్నవి మార్చకూడనివి.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మెట్రోపాలిస్ అన్న చిన్న ఊరు ఉంది. సూపర్‌మ్యాన్ కథతో దానికి పేరు తప్ప వేరే సంబంధం లేదు. 1972లో అది తనను సూపర్‌మ్యాన్ స్వస్థలంగా ప్రకటించుకొని, తరువాత నడిబొడ్డున అతని విగ్రహం నిలబెట్టింది. యాత్రికులు వచ్చి బొమ్మలు తీసుకొని వెళుతుంటారు. భానుపురి కథ ఎప్పటికైనా వెలువడితే రహదారి పక్కన అలాంటి విగ్రహం వెలిసే అవకాశం లేకపోలేదు. అయితే ఆ కథ సరిగా రాసి ఉంటే, టీ కోసం బస్సు దిగిన ప్రయాణికుడు ఈ నాయకుడు ఎవరని అడిగినప్పుడు, కొట్టువాడు ఒక క్షణం అతణ్ణి ఎగాదిగా చూసి, మీది ఏ ఊరని ఎదురు అడుగుతాడు.